పూలు విరగబూస్తున్నాయి, కాయ మాత్రం పట్టడం లేదు: సముద్రతీరపు చిక్కుడు కొత్త తీరాలకు పాకుతోందా?

అలలగట్టు:
అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా ఒకే తీరాన్ని గమనిస్తున్నాను. ఉష్ణమండలం హద్దు దాటాక వచ్చే తీరం అది. చలికాలంలో అప్పుడప్పుడు రాత్రిళ్లు ఆకుల మీద మంచు గడ్డకడుతుంది. అక్కడి ఇసుకదిబ్బ ముందు వాలులో, ఆటుపోటు చెత్త పేరుకునే గీతకు కొంచెం పైన, ఒక చిక్కుడు జాతి తీగ పాకింది. మూడేసి ఆకులు, మందంగా, తోలులా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆకులు ముడుచుకుంటాయి. పూలు గులాబీకీ ఊదాకీ మధ్య రంగు. కెనవేలియా రోజియా అనుకుంటున్నాను. నేను చూసిన పుస్తకాలన్నీ దీని హద్దును ఇంకా చాలా వెచ్చని తీరాల దగ్గరే ఆపేశాయి.

నా ప్రశ్నలు రెండు. ఈ మొక్క నిజంగానే హద్దు దాటి విస్తరిస్తోందా, లేక ఇది దారి తప్పి వచ్చిన ఒంటరి తీగా? రెండోది నన్ను ఎక్కువ వేధిస్తోంది. గుత్తులు గుత్తులుగా పూస్తోంది, తేనెటీగలు కూడా వస్తున్నాయి. కానీ కాయ పట్టడం లేదు. పూలు ఎండి రాలిపోతున్నాయి. ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా?

ఇసుకదిబ్బ:
అలలగట్టు గారూ, ముందు మొక్క అదేనని తేల్చుకుందాం. ఆకుల కొనలు చూడండి. కెనవేలియా రోజియా ఆకు కొన గుండ్రంగా ఉంటుంది, చాలాసార్లు చిన్న నొక్కు కూడా ఉంటుంది. దగ్గరి చుట్టం కెనవేలియా కాథార్టికా ఆకులు కొనదేలి ఉంటాయి, పైగా అది ఇసుక మీద పాకడం కన్నా పొదల మీదికి ఎగబాకడానికే ఇష్టపడుతుంది. పూలు పసుపు పచ్చగా ఉంటే అది విగ్నా మెరీనా, మన పెసర మినుముల వంశం. గిట్ట ఆకారపు ఆకులు, గరాటు పూలు ఉంటే ఐపోమియా పెస్-కాప్రే. రోజియా, విగ్నా, ఐపోమియా మూడూ ఒకే దిబ్బ మీద కలిసి పాకడం మామూలే, అందుకే దూరం నుంచి చూసినవాళ్లు తికమకపడుతుంటారు.

ఆకు కొన దగ్గరగా ఫొటో తీసి పెట్టగలరా? కణుపుల దగ్గర వేళ్లు దిగాయా అన్నది కూడా చూడండి. ఇసుక మీద పడి పూడ్చేసినా కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ పైకి రావడం దీని బలం.

అలలగట్టు:
ఫొటోలు జోడించాను. కొన గుండ్రంగానే ఉంది, నొక్కు కూడా ఉంది. వేళ్లు దిగాయి, చాలా కణుపుల దగ్గర.

ఇసుకదిబ్బ:
అయితే సందేహం లేదు, కెనవేలియా రోజియానే. తమ్మకాయకు తోబుట్టువు.

విత్తనాలపెట్టె:
ఎలా వచ్చింది అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్తాను, అలలు ఒడ్డుకు తెచ్చే విత్తనాలు ఏరడం నాకు ఎన్నాళ్లుగానో ఉన్న అలవాటు.

ఈ మొక్క ప్రపంచమంతటా ఉష్ణమండల తీరాల్లో ఉంది. అట్లాంటిక్, హిందూ, పసిఫిక్ మహాసముద్రాలు మూడింటి ఒడ్డునా అదే జాతి. గాలి మోసే గింజ కాదు, పక్షి మింగి తీసుకెళ్లే పండు కాదు. సముద్రమే దీని బండి. గింజ తేలడానికి కారణం చాలా ఆసక్తికరం. గిల్లతీగ గింజలో రెండు పప్పుల మధ్య ఖాళీ ఉంటుంది, ఆ గాలి దాన్ని తేలుస్తుంది. కెనవేలియాలో అలాంటి ఖాళీ అవసరం లేదు, పప్పే నీటికన్నా తేలిక. పసిఫిక్ దీవుల్లో తిరిగి హెన్రీ గప్పీ అనే ఆయన ఈ తేలే గింజలన్నిటినీ ఓపిగ్గా పరీక్షించి 1906లో పుస్తకం వేశారు, ఈ తేడా ఆయన అప్పుడే గుర్తించారు.

గింజ పైపొర నీటిని లోపలికి రానివ్వదు. ఆ పొర చెక్కు చెదరనంత కాలం గింజ ఉప్పునీటిలో ఉన్నా నిద్రలోనే ఉంటుంది. ఒడ్డున ఇసుక రాపిడికి పొర గీసుకుపోయాక, వాన పడ్డాక మొలకెత్తుతుంది. ఇంట్లో మొలిపించాలనుకునేవాళ్లు ఆకురాయితో ఒక పక్క కాస్త గీసి నానబెట్టేది ఇందుకే.

కాబట్టి మీ తీరానికి గింజ రావడంలో నాకు వింతేమీ కనిపించదు. 1690ల్లోనే హాన్స్ స్లోన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త స్కాట్లాండ్ పైనున్న ఆర్క్‌నీ దీవుల ఒడ్డుకు కొట్టుకొచ్చిన వింత గింజల గురించి రాశారు. కరీబియన్ వైపు నుంచి ప్రవాహం మోసుకెళ్లిన గిల్లతీగ, గచ్చకాయ గింజలు అవి. అంత దూరం, అంత చలి ప్రదేశానికే చేరుతున్నాయి.

ప్రశ్నార్థకం:
విత్తనాలపెట్టె గారూ, నేను వృక్షశాస్త్రం విద్యార్థిని. ఒక సందేహం. గింజలు ఎప్పుడూ వస్తూనే ఉన్నాయంటే, మొక్క ఇన్నాళ్లూ అక్కడ ఎందుకు లేదు? ఇప్పుడే ఎందుకు నిలిచింది?

ఇసుకదిబ్బ:
అసలు విషయం అక్కడే ఉంది. గింజ రావడం వేరు, మొలకెత్తడం వేరు, చలికాలం దాటడం వేరు, పిల్లల్ని కనడం మరీ వేరు. ఆర్క్‌నీకి మూడు వందల ఏళ్లకు పైగా గింజలు చేరుతున్నట్టు రాతలే ఉన్నాయి. అక్కడ ఒక్క తీగ తోట అయిందా? లేదు.

ఇలాంటి మొక్కలకు సగటు ఉష్ణోగ్రత కన్నా ఏడాదిలో వచ్చే అత్యంత చల్లని రాత్రులే హద్దు గీస్తాయి. దీనికి బాగా లెక్క తేలిన ఉదాహరణ ఫ్లోరిడా ఈశాన్య తీరపు మడ అడవులు. 1984 నుంచి 2011 వరకు ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూస్తే ఉత్తర అంచున మడ అడవి విస్తీర్ణం రెట్టింపైంది. సగటు వేడి పెరగడం కన్నా మైనస్ 4 డిగ్రీల కన్నా చల్లబడే రోజులు తగ్గడంతోనే అది సరిపోలిందని 2014లో ప్రచురించారు. మడ చెట్టు గింజలు కూడా నీటి మీదే ప్రయాణిస్తాయి, కాబట్టి పోలిక దగ్గరిదే. గింజల రాక పెద్దగా మారకపోయినా గడప దగ్గర కాపలా సడలింది.

మీ తీగ విషయంలోనూ ముందు చూడాల్సింది అదే. వరుసగా కొన్ని మెత్తని చలికాలాలు వచ్చాయా? అయితే అది నిలవడంలో వింత లేదు. ఒక గట్టి చలి వస్తే తీగ పైభాగం మాడిపోతుంది. ఇసుకలో పూడుకున్న కాండం నుంచి మళ్లీ చిగురిస్తే సగం గెలిచినట్టే.

కానీ ఒక్క తీగను చూసి 'విస్తరణ' అనడానికి నేను ఒప్పుకోను. దాని గింజ పడి, ఆ గింజ మొలిచి, ఆ పిల్ల కూడా కాయలు కాసిన రోజున హద్దు కదిలిందంటాను. అప్పటిదాకా అది అతిథే.

పుప్పొడి:
నేను తేనెటీగల మీద పనిచేస్తాను కాబట్టి కాయ పట్టకపోవడం గురించి చెప్తాను. అలలగట్టు గారూ, మీరు 'తేనెటీగలు వస్తున్నాయి' అన్నారు. ఏ తేనెటీగలు? జవాబు దాదాపు ఆ మాటలోనే ఉంటుంది.

చిక్కుడు కుటుంబం పువ్వు మామూలుగా ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పైన పెద్ద జెండా రేకు, దాన్ని ధ్వజం అంటాం. రెండు పక్కలా రెండు రేకులు. కింద పడవలాంటి ద్రోణి, దాని లోపల కేసరాలు, కీలం దాగి ఉంటాయి. తేనెటీగ ద్రోణి మీద వాలుతుంది, బరువుకు ద్రోణి కిందికి వంగుతుంది, లోపలి పుప్పొడి ఈగ పొట్టకు అంటుతుంది.

కెనవేలియాలో ఇదంతా తలకిందులు. పువ్వు తొడిమ దగ్గర తిరిగిపోయి ధ్వజం కిందికి, ద్రోణి పైకి వస్తాయి. ఈగ ధ్వజం మీద, అంటే గడప మీద వాలినట్టు వాలుతుంది. తేనె పువ్వు అడుగున ఉంటుంది. పది కేసరాల కాడలు కలిసి గొట్టంలా అంటుకుని ఉంటాయి, పదో కేసరం మొదట్లో మాత్రం కాస్త విడిగా ఉండి రెండు చిన్న సందులు వదులుతుంది. నాలుకను ఆ సందుల్లోంచి దూర్చాలి. అలా దూర్చాలంటే తలతో ముందుకు తోస్తూ, వీపుతో ద్రోణిని పైకి ఎత్తాలి. అప్పుడే ద్రోణి తెరుచుకుని కేసరాలు, కీలాగ్రం (పుప్పొడి పడాల్సిన కీలం కొన) బయటికి వచ్చి ఈగ వీపుకు రాసుకుంటాయి.

ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఆ పని చేయాలంటే బలం కావాలి. మామూలు పెంపుడు తేనెటీగకు అంత బలం లేదు. రెండు, పుప్పొడి అంటేది వీపు మీద. అక్కడ ఈగ కాళ్లు సరిగా అందవు. పొట్టకో, కాళ్లకో అంటిన పుప్పొడిని ఈగ దులిపి ముద్ద చేసి పిల్లలకు తీసుకుపోతుంది. వీపు మీద మిగిలినది పక్క పువ్వుకు చేరుతుంది. ఈ పువ్వు తన సరుకును దొంగ చేతికి చిక్కకుండా పంపిస్తోంది. ఇంత చక్కటి ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యం తగ్గదు.

అందుకే దీనికి అసలైన అతిథి తుమ్మెద. జైలోకోపా ప్రజాతికి చెందిన పెద్ద నల్లని తుమ్మెదలు. మీ తీరంలో అవి కనిపిస్తున్నాయా?

అలలగట్టు:
పుప్పొడి గారూ, మీరు అడిగాక మళ్లీ వెళ్లి నింపాదిగా చూశాను. తుమ్మెద కనపడలేదు. వచ్చేవన్నీ చిన్న తేనెటీగలే. అవి పువ్వు ముందు నుంచి కాదు, పక్క నుంచి, అడుగు నుంచి దూరుతున్నాయి. కొన్ని పూల మొదట్లో చిన్న చీలికలు కూడా ఉన్నాయి. చీమలైతే లెక్కలేనన్ని, గుత్తి కాడ పొడవునా తిరుగుతున్నాయి. పరాగసంపర్కం చీమలు చేస్తాయేమో అని ఒక ఆశ.

పుప్పొడి:
చీమల మీద ఆశ పెట్టుకోకండి. కెనవేలియా పూగుత్తిలో కణుపులు ఉబ్బెత్తుగా ఉంటాయి, పువ్వు రాలిన చోట కూడా తీపి ద్రవం ఊరుతుంది. చీమలు దానికోసం వస్తాయి. కాయల్ని, మొగ్గల్ని తినే పురుగుల్ని అవి తరిమితే మొక్కకు లాభం. అది కాపలా కూలి. ద్రోణిని ఎత్తడం చీమ వల్ల అయ్యే పని కాదు.

పక్క నుంచి దూరే తేనెటీగలు తేనె తాగి వెళ్తున్నాయి, కీలాగ్రాన్ని తాకడం లేదు. చీలిక పడిన పువ్వయితే వాటికి ఇంకా సులువు.

నల్లతుమ్మెద:
ఆ చీలికల గురించి ఒక మాట. మొదట చీల్చేది చాలాసార్లు తుమ్మెదే. మూతి భాగాలు గట్టివి, పొడవు గొట్టపు పూలను పక్క నుంచి కోసి తేనె తాగడం దానికి బాగా తెలుసు. ఒకసారి చీలిక పడితే చిన్న ఈగలు అదే దారి వాడుకుంటాయి. అంటే ఒకే జాతి ఒకచోట మంచి స్నేహితుడు, ఇంకోచోట కన్నగాడు. అలలగట్టు గారి తీరంలో చీలికలున్నాయంటే దగ్గర్లో పెద్ద ఈగ ఏదో ఉండే అవకాశం కూడా ఉంది. ఉదయం తొందరగా వెళ్లి చూడండి. ఎండ ముదిరాక వెళ్తే కథ అయిపోయి ఉంటుంది.

తుమ్మెదల స్వభావం కూడా తెలియాలి. వీటిలో సుమారు 400 జాతులు ఉన్నాయి, ఎక్కువ భాగం వెచ్చని దేశాల్లోవే. ఎక్కువ జాతులు ఎండు కొయ్యలోనో, వెదురు బొంగులోనో సొరంగం తొలిచి గూడు పెడతాయి. పెంపుడు తేనెటీగల్లా వేలకు వేలు ఉండవు. ఒక తల్లి కొద్దిమంది పిల్లల్నే పెంచుతుంది. కాబట్టి ఒక తీరంలో ఎండు దుంగలు, చచ్చిన కొమ్మలు లేకపోతే తుమ్మెదలు ఉండవు. యంత్రాలతో తీరం శుభ్రం చేసేటప్పుడు కొట్టుకొచ్చిన దుంగలన్నీ ఎత్తేస్తారు. దాంతో తుమ్మెద ఇళ్లు కూడా పోతాయని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సంగతి, తుమ్మెదలు కూడా హద్దులు దాటుతున్నాయి. యూరప్‌లో జైలోకోపా వయోలేసియా ఒకప్పుడు దక్షిణానికే పరిమితం అనిపించేది, ఇప్పుడు ఉత్తర ప్రాంతాల్లో మామూలుగా కనిపిస్తోంది. మొక్క ముందు వెళ్లి ఈగ వెనక రావచ్చు, లేదా అటుదిటు కావచ్చు. రెండూ ఒకే ఏడాది రావాలని రూలేమీ లేదు కదా. ఆ మధ్య కాలంలో మొక్క పడే బాధే మీరిప్పుడు చూస్తున్నది అనిపిస్తోంది.

విత్తనాలపెట్టె:
నల్లతుమ్మెద గారి దుంగల మాట నాకు నచ్చింది. దీవులకు తుమ్మెదలు ఎలా చేరాయన్నదానికి కూడా అదే వివరణ చెప్తుంటారు, గూడున్న దుంగ సముద్రంలో తేలుతూ వెళ్లి ఒడ్డుకు చేరడం. గాలాపగోస్ దీవుల్లో సహజంగా ఉన్న తేనెటీగ జాతి ఒక్కటే, అది జైలోకోపా డార్విని అనే తుమ్మెద. ఖండానికి అంత దూరాన మిగతా ఏ ఈగా నిలవని చోట తుమ్మెద నిలిచింది. గింజా, గూడూ రెండూ ఒకే అలల మీద వచ్చే మొక్క, ఈగ జంట ఇంకెక్కడైనా ఉంటుందా!

ప్రశ్నార్థకం:
అయితే ఇండోనేషియాలోని అగ్నిపర్వత దీవి క్రకటోవా సంగతి ఏమిటి? 1883 ఆగస్టు పేలుడులో అక్కడ అంతా బూడిదైపోయింది కదా. తుమ్మెద లేకుండా అక్కడ తీరపు చిక్కుళ్లు ఎలా నిలిచాయి? పాఠంలో 'బేకర్ నియమం' అని చదివాను, అది ఇక్కడ వర్తిస్తుందా?

పుప్పొడి:
చాలా మంచి ప్రశ్న. వృక్షశాస్త్రవేత్త హెర్బర్ట్ బేకర్ 1955లో చెప్పిన మాట ఇది: దూరం నుంచి ఒంటరిగా వచ్చి కొత్తచోట స్థిరపడే మొక్కల్లో తన పుప్పొడితో తానే గింజ కట్టగలిగేవి ఎక్కువగా ఉంటాయి. కారణం సులువు. ఒక్క గింజ ఒడ్డుకు చేరితే దానికి జత ఎక్కడ? 1957లో స్టెబిన్స్ దీనికి బేకర్ నియమం అని పేరు పెట్టారు.

కానీ ఇక్కడ విద్యార్థులు కలిపేసే రెండు సంగతులున్నాయి. తన పుప్పొడి తన కీలాగ్రం మీద పడితే కాయ పట్టడం ఒకటి. ఎవరి సాయమూ లేకుండా ఆ పుప్పొడి దానంతట అదే కీలాగ్రం మీద పడటం మరొకటి. మొదటిది ఉండి రెండోది లేని మొక్కలు బోలెడు. అలాంటి మొక్కకు జత అక్కర్లేదు, కానీ ఈగ కావాలి. అలలగట్టు గారి తీగ ఆ బాపతు అయితే తుమ్మెద లేని తీరంలో పువ్వులన్నీ వృథా.

క్రకటోవా దగ్గర 1927లో మొదలైన పేలుళ్లతో సముద్రంలోంచి కొత్తగా లేచిన అనక్ క్రకటోవా దీవి మీద ఇదే మొక్క పునరుత్పత్తిని ప్రత్యేకంగా పరిశీలించి 1993లో ప్రచురించారు. కొత్త లావా, బూడిద నేల మీద మొదట పాకే మొక్కల్లో ఇదొకటి. ఆ దీవికి తీరపు మొక్కలు, పురుగులు అన్నీ చుట్టుపక్కల దీవుల నుంచి దగ్గర దూరమే. అలలగట్టు గారి తీరం పరిస్థితి అది కాదు, ఇక్కడ దక్షిణాన ఉన్న తుమ్మెదల జనాభాకీ ఈ తీగకీ మధ్య ఎంత ఖాళీ ఉందో అదే అసలు కొలత.

ఇసుకదిబ్బ:
ఈగ గురించి ఇంత చెప్పుకున్నాం, వేరు గురించి కూడా ఒక్క మాట. ఇది చిక్కుడు కుటుంబం, వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా కావాలి. సముద్రపు ఇసుకలో నత్రజని దాదాపు శూన్యం. గింజ తనతో ఆ బ్యాక్టీరియాను తెచ్చుకోదు, దిగినచోట దొరకాలి. అలలగట్టు గారి తీగ ఆకులు ముదురాకుపచ్చగా, పుష్టిగా ఉన్నాయి కాబట్టి ఆ చుట్టం దొరికినట్టే ఉంది.

హవాయి_పచ్చిక:
చర్చ ఆలస్యంగా చూశాను. పసిఫిక్ వైపు నుంచి ఒక ముచ్చట. హవాయి దీవుల్లో అక్కడ మాత్రమే పుట్టి పెరిగిన కెనవేలియా జాతులు ఆరు దాకా ఉన్నాయి. వీటి పూర్వీకులు సముద్రం మీద తేలి వచ్చిన కెనవేలియాలేనని 2011లో డీఎన్‌ఏ పోల్చి చూపించారు. అంటే ఒడ్డుకు చేరిన గింజ వంశం అక్కడితో ఆగకుండా తీరం వదిలి దీవి లోపలికి వెళ్లింది, కొత్త జాతులుగా చీలింది.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది ఒకటుంది. హవాయిలో సహజంగా ఉన్న తేనెటీగలన్నీ హైలేయస్ అనే చిన్న జాతులే, అరవైకి పైగా. పెద్ద తుమ్మెద అక్కడికి మనుషులతోనే వచ్చింది. మరి అంతకు ముందు వేల ఏళ్లు బరువైన ద్రోణిని ఎవరు ఎత్తారు? నా ఊహ పక్షుల వైపు వెళ్తుంది, ముక్కుతో తేనె తాగే పక్షులు అక్కడ ఎన్నో ఉండేవి, వాటిలో చాలా జాతులు ఇప్పుడు లేవు. ఊహ తప్పో ఒప్పో, ఒక తీరంలో సరైన ఈగ లేనంత మాత్రాన మొక్క కథ ముగిసిపోదని మాత్రం చెప్పగలను.

కొత్తసభ్యుడు_21:
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. తమ్మకాయ చుట్టం అన్నారు కదా, ఈ గింజలు తినొచ్చా?

విత్తనాలపెట్టె:
వద్దండీ. ముదిరిన గింజల్లో కెనవనైన్ అనే విషపదార్థం ఉంటుంది. ఇది ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని అచ్చం పోలి ఉంటుంది, శరీరం పొరపాటున దీన్ని ప్రోటీన్లలో వాడేసుకుంటుంది, ఆ ప్రోటీన్లు పనిచేయవు. 1929లో దీన్ని మొదట ఇదే ప్రజాతికి చెందిన జాక్ బీన్ గింజల్లోంచి వేరుచేశారు. పురుగుల నుంచి గింజకు రక్షణ అదే. మొలిపించి చూడండి, వండకండి.

నల్లతుమ్మెద:
మళ్లీ ఈగల దగ్గరికి వద్దాం. అలలగట్టు గారూ, ఎండు వెదురు బొంగులు కట్టగా కట్టి దిబ్బ వెనక నీడలో పెడితే దగ్గర్లో ఉన్న తుమ్మెద గూడు పెట్టుకోవచ్చు. కొంతమంది రైతులు తీగజాతి పండ్ల తోటల్లో ఇలాగే చేస్తారు.

పుప్పొడి:
బొంగులు అక్కడివే అయితే నాకు అభ్యంతరం లేదు. బయటి నుంచి గూళ్లున్న బొంగులు తెచ్చి పెట్టడం మాత్రం వద్దే వద్దు. జపాన్‌లో ఈ శతాబ్దం మొదట్లో దిగుమతైన వెదురుతో ఒక ఆసియా తుమ్మెద దిగి, ఇప్పుడు అక్కడ వ్యాపించిపోతోంది. స్థానిక తుమ్మెదలతో పోటీ, పైగా వాటితో వచ్చే పేలు, తెగుళ్లు. మొక్కకు సాయం చేయబోయి ఇంకో సమస్య తెచ్చిపెట్టకూడదు.

అంతకన్నా ముందు, తుమ్మెద లేకపోవడమే కారణమని రుజువు చేసుకుందాం. పద్ధతి కష్టమేమీ కాదు. కొన్ని గుత్తుల్ని మొగ్గ దశలోనే దోమతెర గుడ్డతో సంచిలా కట్టి వదిలేయండి. ఇంకొన్నిటికి సంచి కట్టి, పువ్వు విచ్చిన ఉదయం తీసి, ద్రోణిని వేలితో మెల్లిగా పైకి ఎత్తి, అదే పువ్వు పుప్పొడిని సన్నని కుంచెతో కీలాగ్రానికి రాసి మళ్లీ కట్టేయండి. మూడో గుంపును ఏమీ చేయకుండా వదలండి. మీ దగ్గర ఉన్నది ఒకే తీగ కాబట్టి వేరే మొక్క పుప్పొడితో పోల్చడం కుదరదు. కణుపుల దగ్గర వేళ్లు దిగి పది తీగల్లా కనిపించినా అదంతా ఒకే ప్రాణి. పువ్వులన్నిటికీ రంగు దారాలు కట్టండి, లేకపోతే ఏది ఏదో కలిసిపోతుంది.

అలలగట్టు:
అలాగే చేస్తాను. గుడ్డా, దారాలూ సిద్ధం చేసుకుంటున్నాను. ఫలితం వచ్చాకే రాస్తాను.

ప్రశ్నార్థకం:
ఎదురుచూస్తుంటాం అండీ. మా తరగతిలో కూడా ఈ చర్చ చూపించాను.

అలలగట్టు:
ఫలితాలు వచ్చాయి.

సంచి కట్టి ముట్టుకోని గుత్తుల్లో ఏమీ లేదు, పూలన్నీ రాలిపోయాయి. కుంచెతో రాసిన వాటిలో చాలా పూలకు కాయలు పట్టాయి, ఇప్పుడు వేలెడంత అయ్యాయి, పై అంచున గట్లు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఏమీ చేయకుండా వదిలిన గుంపులో చూస్తే ఒకే ఒక్క కాయ. ఆ ఒక్కటీ ఎలా పట్టిందో తెలుసుకోవాలని ఉదయాన్నే వెళ్లి కూర్చుంటున్నాను. నల్లతుమ్మెద గారు చెప్పింది నిజమే, వెలుగు రాగానే ఒక పెద్ద నల్లని ఈగ వచ్చి నాలుగైదు పూల మీద వాలి వెళ్లిపోయింది. ముందు నుంచే వాలింది. వీపు మీద పసుపు గీత కనిపించింది. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

పుప్పొడి:
అద్భుతం! అంటే మీ తీగ తన పుప్పొడితో కాయ కట్టగలదు, కానీ తనంతట తాను రాసుకోలేదు. తుమ్మెద ఉంది, కానీ చాలా తక్కువ. ఇంత స్పష్టంగా జవాబు రావడం అరుదు. ఒంటరి గింజ నుంచి వచ్చిన మొక్క జత లేకుండా కాయగలగడం విస్తరణకు మంచి పునాది. తుమ్మెదల సంఖ్య పెరిగితే ఈ తీరంలో కాయలూ పెరుగుతాయి.

ఇసుకదిబ్బ:
బాగుంది, కానీ ఒక చిక్కు ప్రశ్న అడగాలి. కుంచెతో పట్టించిన కాయలు ఏం చేస్తారు? వాటిని దిబ్బ మీదే ఎండి పగలనిస్తే రాబోయే ఏళ్లలో మొలిచే పిల్లలు మీ చేతి పని. తర్వాత ఎవరైనా 'ఇక్కడ మొక్క సహజంగా విస్తరించింది' అని రాస్తే అది తప్పవుతుంది.

హవాయి_పచ్చిక:
నేను ఇసుకదిబ్బ గారితో ఒప్పుకోలేకపోతున్నాను. ఆ తీగ తనంతట తాను వచ్చింది. కొన్ని కాయలు ఉండనిస్తే ఏం పోయింది? ఇసుకను పట్టి ఉంచే మొక్క అది, తుఫానులు వచ్చే తీరానికి మంచిదే కదా.

ఇసుకదిబ్బ:
మంచిదే కావచ్చు, నాకూ ఆ తీగ మీద ప్రేమే. కానీ అక్కడి దిబ్బకు దాని సొంత మొక్కలున్నాయి, ఆ తీగ వాటిని కప్పేస్తుందో లేదో మనకు ఇంకా తెలియని దశ. రావడం దాని పని, నాటడం మాత్రం మన పని కాకూడదని నా పట్టుదల. పైగా ఇంత జాగ్రత్తగా చేసిన పరిశీలన విలువ కూడా ఆ కాయలతోనే తగ్గిపోతుంది.

అలలగట్టు:
ఇద్దరి మాటలూ చదివి ఆలోచించాను. కుంచెతో పట్టించిన కాయల్ని ఎండకముందే కోసేస్తాను, రంగు దారాలు కట్టి ఉన్నాయి కాబట్టి పొరపడే ప్రసక్తి లేదు. తుమ్మెద పట్టించిన ఆ ఒక్క కాయను మాత్రం ముట్టుకోను. అది పగిలి గింజలు ఎక్కడ పడతాయో, ఏవి చలికాలం దాటతాయో రాసుకుంటాను. ఒడ్డున దుంగల్ని తీసేయొద్దని శుభ్రం చేసేవాళ్లను కూడా అడగబోతున్నాను.

సభ్యులకు ఒక విన్నపం. మీ మీ తీరాల్లో ఈ తీగ పూసి ఉంటే పూల ఫొటోతో పాటు కాయలు పట్టాయో లేదో కూడా రాయండి. పువ్వు ఫొటోలే అన్నిచోట్లా ఉన్నాయి. ఉదయం వచ్చే ఈగ ఏదో చూసి రాస్తే ఇంకా మంచిది, ఏ వైపు నుంచి వాలిందో కూడా.

నల్లతుమ్మెద:
నేను నా వైపు తీరంతో మొదలుపెడతాను. ఇక్కడ కాయలు గుత్తులుగా ఉన్నాయి, తుమ్మెదలూ ఉన్నాయి. రేపు ఉదయం చీలికలున్న పూలెన్ని, ముందు నుంచి తెరుచుకున్నవెన్ని అని లెక్కపెట్టి పెడతాను.